చూస్కుంట చెయ్యి బిడ్డా!

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా బాబుకి ఎనిమిదేళ్ళు. మన సంస్కృతి వాడికి ఎలా నేర్పాలో తెలియడం లేదు. క్లాసుల్లో వేస్తే వస్తుందా? అసలు మీకు మీ పెద్దవాళ్ళు ఎలా నేర్పారు?

జవాబు:

నన్నెవరూ కూర్చోబెట్టి నేర్పలేదండీ. నాకు ఏదో వచ్చన్న సంగతి కూడా ఇరవై ఏడేళ్ళు వచ్చేదాకా తెలియదు. అత్తగారింట్లో సకినాల పిండి ముందు కూర్చున్న రోజు తెలిసింది. కాబట్టి అక్కడి నుంచే చెబుతాను, కాస్త పొడుగవుతుంది, ఏమనుకోకండి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మావారిది హనుమకొండ. 2007లో పెళ్ళయింది. సంక్రాంతి అంటే మా ఇంట్లో అరిసెలు, మావారింట్లో సకినాలు. పండక్కి పుట్టింటికి బయల్దేరే ముందు వారం మా అత్తమ్మ బియ్యం నానబోసి, వడగట్టి, తడిపిండి పట్టించి తెచ్చింది. అందులో నువ్వులు, వాము, ఉప్పు వేసి నీళ్ళతో కలిపింది. హాలంతా ఉతికిన తెల్లబట్టలు పరిచారు. వాడకట్టులోని ఆడవాళ్ళు ఓ అరడజను మంది వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఇవాళ మా ఇల్లు, రేపు పక్కిల్లు, ఎల్లుండి ఇంకొకరిల్లు. కూలీ ఏమీ ఉండదు, పోయేటప్పుడు ఓ గిన్నెడు సకినాలు.

పిండిని చేతిలో పట్టుకుని, వేళ్ళ మధ్య నుంచి మెలి తిప్పుతూ బట్ట మీదికి వదలాలి. అలా చుట్టు మీద చుట్టు, మూడో నాలుగో వచ్చేదాకా. నాది ఒక చుట్టు సగం కూడా రాకముందే తెగిపోయేది. అతికిస్తే పురుగులా ఉబ్బెత్తుగా అయ్యేది. నా పక్కన ఏడేళ్ళ పిల్ల కూర్చుంది, పక్కింటి వాళ్ళమ్మాయి, హోమ్‌వర్క్ సగంలో వదిలేసి వచ్చింది. నేను ఒకటి చుట్టేలోపు అది ఆరు చుట్టేసి, "మీ ఊర్ల ఇవి చెయ్యరా ఆంటీ?" అంది. జాలిగానే అందిలెండి.

మా అత్తమ్మని అడిగాను, ఏ వేలు కింద ఉండాలి, ఎటువైపు తిప్పాలి, నీళ్ళు ఎంత అని. నాది బ్యాంకు ఉద్యోగం కదా, అన్నిటికీ ఒక పద్ధతి రాసి ఉంటుందని నమ్మకం. ఆవిడ చెయ్యి ఆపి తన వేళ్ళ వంక చూసుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి నాకు చెప్పడం కోసం నెమ్మదిగా. ఆవిడకి కూడా తెగిపోయింది! నలభై ఏళ్ళుగా చుడుతున్న చెయ్యి. అందరూ ఒకటే నవ్వు. "ఏమో బిడ్డా, నాకేం తెల్సు. చూస్కుంట చెయ్యి, అదే వస్తది" అంది.

ఆ రాత్రి మా అమ్మకి ఫోన్ చేసి ఏడుపు మొహంతో ఇదంతా చెబితే, "మరి అరిసెల పాకం నీకెవరు నేర్పారే?" అంది. నిజమే, ఎవరూ నేర్పలేదు. ఆరేళ్ళప్పుడు నా ఉద్యోగం అది. పళ్ళెంలో నీళ్ళు పోసుకుని పొయ్యి పక్కన కూర్చోవాలి. అమ్మ గరిటెతో పాకం చుక్క వేస్తుంది. నేను దాన్ని వేలితో దగ్గరికి తీసి ఉండ చెయ్యాలి. జారిపోతే "ఇంకా కాలేదు", ఉండ నిలబడితే "అయింది, దించెయ్" అని అరవాలి. ఆ ఉండలన్నీ నోట్లో వేసుకోవచ్చు కాబట్టి నేనది ఆట అనుకున్నాను. నా మాట మీదే అమ్మ గిన్నె దించేది. ఇప్పటికీ పాకం చూస్తే చాలు, వేలు పెట్టకుండానే చెప్పేస్తాను. ఎలా అని అడిగితే మాత్రం మా అత్తమ్మ మొహం పెడతాను.

గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే రోజుల్లో సోషియాలజీలో సాంఘికీకరణ అని ఒక చాప్టర్ ఉండేది. కుటుంబం, ఇరుగుపొరుగు, ఆటల్లో తోటిపిల్లలు, వీటిని ప్రాథమిక సమూహాలు అంటారు, 1909లో చార్లెస్ కూలీ అనే ఆయన చెప్పాడు, ఇలా బట్టీ కొట్టాను. మార్కులు వచ్చాయి, ఉద్యోగం రాలేదు. ఆ చాప్టర్ అంతా నా పాకం పళ్ళెమేనని అప్పుడు ఒక్కసారి కూడా తట్టలేదు.

మాటల సంగతి కూడా అంతే. బయటికి వెళ్తూ "వెళ్తున్నా" అంటే మా అమ్మమ్మ ఊరుకునేది కాదు. "వెళ్తున్నా ఏమిటే, వెళ్ళొస్తానను" అనేది. నేను వాకిట్లోకి వెళ్ళిపోయినా సరే, వెనక్కి పిలిచి మరీ అనిపించేది. బియ్యం అయిపోయాయంటే తప్పు, నిండుకున్నాయనాలి. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. బయల్దేరుతున్న మనిషిని "ఎక్కడికి?" అని అడగడం అన్నిటికన్నా పెద్ద నేరం, "దూరమా?" అనాలి. ఇవన్నీ ఒక చోట రాసుకుని చదివింది లేదు. తప్పు మాట్లాడిన ప్రతిసారీ అప్పటికప్పుడు, ఆ మాట దగ్గరే దిద్దేవాళ్ళు. కారణం అడిగితే "అలా అనకూడదంతే" అనేవాళ్ళు. అయిపోవడం, ఆరిపోవడం లాంటి మాటలు నోటితో అనడానికి భయపడే ఇళ్ళలో పెరిగానని నాకు చాలా పెద్దయ్యాక అర్థమైంది. భయం అర్థమయ్యేలోపే మాట నోటికి పట్టేసింది. మొన్న బ్యాంకులో ప్రింటర్‌లో పేపర్ అయిపోతే "నిండుకుంది" అన్నాను. అటెండర్ ట్రే తెరిచి చూసి, "లేదు మేడమ్, ఖాళీగా ఉంది" అన్నాడు.

ఇక వరసలు. నన్నడిగితే తెలుగు పిల్లలు ఎక్కాల కన్నా ముందు నేర్చుకునే లెక్కలు ఇవే. ఎండాకాలం సెలవుల్లో అమ్మమ్మ వాళ్ళ అరుగు మీద కూర్చుంటే బస్సు దిగి వచ్చే ప్రతి చుట్టం నాకొక పరీక్ష. "ఈయన నీకేమవుతాడో చెప్పు?"

"మామయ్య."

"ఎట్టా?"

"అమ్మకి పిన్ని కొడుకు కదా, అమ్మకి అన్న. అందుకని నాకు మామయ్య."

అక్కడిదాకా బాగానే ఉండేది. ఒకసారి ఒకావిడ వచ్చింది, మా నాన్నకి మేనమామ కూతురు. నాన్న తరఫు ఆడమనిషి కదా అని ధీమాగా "అత్తయ్య" అన్నాను. అరుగంతా గొల్లుమంది. "మీ నాన్నకి మరదలైతే నీకు అత్త ఎట్టా అవుద్దే? పిన్ని అవుద్ది!" ఆవిడ కూడా నవ్వుతూ నా బుగ్గ గిల్లి, "మీ నాన్న నన్ను చేసుకునుంటే నేనే మీ అమ్మని" అంది. ఆ ఒక్క నవ్వుతో నాకు మొత్తం అర్థమైపోయింది. నాన్న ఎవరిని చేసుకోవచ్చో వాళ్ళంతా నాకు అమ్మ వరస, ఎవరిని చేసుకోకూడదో వాళ్ళు అత్తలు. ఎవరు అన్న, ఎవరు బావ అన్నది కూడా దీని లోపలే ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లకి పెళ్ళి నియమాలన్నీ చెప్పేశారు, పెళ్ళి పాఠం అని చెప్పకుండానే. 1871లో లూయీ హెన్రీ మోర్గన్ అనే అమెరికన్ దేశదేశాల వరసలన్నీ పోగుచేసి ఓ పెద్ద పుస్తకం వేశాడు. అందులో తమిళ, కన్నడ వరసలతో పాటు మన తెలుగు వరసల పట్టిక కూడా ఉంది. నాన్న అన్నదమ్ములందర్నీ నాన్నలనే పిలిచే లెక్క తన దేశపు ఇరాక్వాయ్ జాతివాళ్ళలోనూ, ఇక్కడి మనవాళ్ళలోనూ ఒకేలా కనిపించి ఆయన ఆశ్చర్యపోయాడట. మా అమ్మమ్మ అయితే ఆశ్చర్యపోయేది కాదు, "మరి పెదనాన్నని నాన్న అనక ఏమంటారు?" అనేది.

హనుమకొండ వచ్చాక లెక్క అదే, మాటలు వేరు. అక్కడ నాయనమ్మని బాపమ్మ అంటారు. నేను "అత్తయ్యగారూ, మామయ్యగారూ" అని పిలుస్తుంటే రెండు నెలలు ఓపిక పట్టి, చివరికి మా అత్తమ్మే అంది: "గారు అంటే ఆఫీసుల పిలిచినట్టుంటది బిడ్డా. ఏమన్న కోపమా మామీద?" నాకు గారు లేకపోతే అమర్యాద. వాళ్ళకి గారు ఉంటే పరాయితనం. ఇద్దరం మర్యాదగానే పెరిగాం మరి. అత్తమ్మా అనడం మొదలుపెట్టడానికి నాకు ఇంకో ఆర్నెల్లు పట్టింది, నోరు తిరిగేది కాదు.

మా అమ్మాయికి మాత్రం ఈ బాధ లేదు. బాపమ్మ దగ్గర "గట్ల", అమ్మమ్మ దగ్గర "అట్టా". ఎవరూ చెప్పలేదు, తెనాలిలో దిగగానే నాలుక మారిపోతుంది. బతుకమ్మ కూడా దానికి అలాగే వచ్చింది. మొదటి ఏడు నా చంకలో, రెండో ఏడు నా కొంగు పట్టుకుని, మూడో ఏడు తనే వలయంలో. వంగుతూ చప్పట్లు కొట్టడం, అడుగు పక్కకి వెయ్యడం, "ఉయ్యాలో" అని అందుకోవడం నాకిప్పటికీ కాస్త వెనకాముందు అవుతుంది, దానికి ఒక్కసారి కూడా తప్పలేదు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. "ఎందుకలిగింది?" అని బాపమ్మని అడిగితే "ఎవరో ఏమో అన్నరు బిడ్డా, అలిగింది" అందిట. తర్వాత నెల రోజులు మా ఇంట్లో బొమ్మలన్నీ ఆరో రోజున అలిగేవి.

మీరు అడిగిన క్లాసుల విషయానికి వస్తాను. పంపండి. మనబడి లాంటి చోట్ల తెలుగు చదవడం, రాయడం శ్రద్ధగానే నేర్పుతున్నారని విన్నాను, అది చిన్న విషయం కాదు. అమ్మమ్మ రాసిన ఉత్తరం చదవగలిగితే చాలు కదా. కానీ అది వారానికి ఓ రెండు గంటలు. మిగతా వారమంతా వాడు మిమ్మల్ని చూస్తుంటాడు. మీ ఇంటికి ఎవరైనా వస్తే మంచినీళ్ళు ఎవరు తెస్తున్నారు? మీరు తెస్తుంటే ఈసారి వాడి చేతికివ్వండి. కొంచెం ఒలుకుతాయి. మా పిన్ని కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. దాని కొడుకు "వెళ్ళొస్తా" అని ఎంత బాగా అంటాడంటే, మాకే ఆశ్చర్యం. ఎలా నేర్పావే అంటే, "నేనేం నేర్పలేదక్కా, వాడు ఆ మాట అనేదాకా మా అమ్మ వీడియో కాల్ కట్ చెయ్యదు" అంది. వాడికి ఆటకి టైమ్ అయిపోతుంటుంది, కాబట్టి త్వరగా అనేస్తాడు. ఇంతకు మించి గొప్ప పద్ధతి నాకు తెలియదు. ఒక మనిషి, ఒక పని, ఆ పని వీడు చేస్తేనే జరగాలన్న పరిస్థితి. పండగ గురించి స్లయిడ్లు చూపించే కన్నా పాకం పళ్ళెం చేతికివ్వడం మంచిదని నా అభిప్రాయం. వేడి పాకం, జాగ్రత్త.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది, కానీ మీరు "మీకు ఎలా నేర్పారు" అని అడిగారు కాబట్టి రెండోది కూడా చెప్పాలి. వరసలూ మాటలూ వచ్చిన దారిలోనే ఇంకొకటి కూడా వచ్చింది.

మా అమ్మమ్మ వాళ్ళ గొడ్లచావిడి గోడకి ఒక గూడు ఉండేది. అందులో ఒక సత్తు గ్లాసు. అది పాలేరుది. ఆయన మంచినీళ్ళు తాగి, తనే కడిగి, మళ్ళీ ఆ గూట్లోనే పెట్టేవాడు. నాకు ఐదేళ్ళప్పుడు అనుకుంటా, ఆడుకుంటూ దాహమేసి ఆ గ్లాసు తీసి తొట్టిలో ముంచుకుని తాగబోయాను. అమ్మమ్మ చూసింది. తిట్టలేదు, కొట్టలేదు. నా చేతిలోంచి గ్లాసు లాక్కుని, గూట్లో పెట్టి, నన్ను బావి దగ్గరికి తీసుకెళ్ళి నోరు పుక్కిలించమంది. అంతే. ఆయన అక్కడే గడ్డి పరుస్తున్నాడు. తల దించుకుని పరుస్తూనే ఉన్నాడు. ఒక్క మాట కూడా లేదు ఆ మొత్తం వ్యవహారంలో. కానీ నేను ఆ గ్లాసు మళ్ళీ ముట్టుకోలేదు.

వరసల గురించి ఇందాక అంత గొప్పగా చెప్పాను కదా. ఊళ్ళో కులం కాని కులం వాళ్ళని కూడా బాబాయ్, అత్తా, తాతా అని పిలిచేవాళ్ళం. ఆ పిలుపులు దళితులుండే పల్లె మొదట్లోనే ఆగిపోయేవి. అరవై ఏళ్ళు దాటిన ఆ పాలేరుని ఆరేళ్ళదాన్ని నేను పేరు పెట్టి "నువ్వు" అనేదాన్ని. ఆయన నన్ను "అమ్మాయిగారూ" అనేవాడు. ఆ "గారు" నాకు అప్పుడే ఎందుకో చాలా సహజంగా అనిపించింది. ఇదీ ఎవరూ నేర్పలేదు. చూస్కుంట చెయ్యి అన్నట్టే.

మా ఊరికి చుండూరు దూరమేం కాదు. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితుల్ని చంపేశారు. గొడవ మొదలైంది ఎక్కడంటే, సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు పొరపాటున పై కులం కుర్రాడికి తగిలింది. నాకప్పుడు పదకొండేళ్ళు. ఇంట్లో పెద్దవాళ్ళు గుసగుసగా మాట్లాడుకుంటూ, నేను గదిలోకి రాగానే ఆపేసేవాళ్ళు. ఎవరికైనా కాలు తగిలితే వాళ్ళని తాకి కళ్ళకద్దుకోవాలని నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అలవాటు. పుస్తకానికి తగిలినా అంతే. మరి ఆ హాల్లో ఆ కాలికి ఆ మర్యాద ఎందుకు సరిపోలేదని నేను అడగలేదు. అడగకూడదని కూడా అప్పటికే తెలుసు.

తర్వాత చదువుకున్నాను, హాస్టల్లో అందరితో ఒకే కంచంలో తిన్నాను, ఆఫీసులో కులం మాటెత్తితే కోపమొస్తుంది. నాలో అదంతా పోయిందనే అనుకున్నాను.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం మా అమ్మాయి వంటింట్లో గ్లాసులు సర్దుతూ, "మమ్మీ, ఇదొక్కటి స్టాండ్‌లో ఎందుకు పెట్టం?" అంది. కిటికీ పక్కన ఒక స్టీలు గ్లాసు, అంచు కొంచెం సొట్టపోయింది.

"అది అక్కది" అన్నాను, పనిచేసే ఆవిడని మా అమ్మాయి అక్కా అంటుంది.

"అక్క కొనుక్కుందా?"

లేదు. మా గ్లాసే. ఆవిడ మా ఇంట్లో చేరి అప్పటికి ఆరేళ్ళు. ఆ గ్లాసు పక్కన పెట్టిన రోజు నాకు గుర్తు లేదు. పెట్టాలని అనుకున్నట్టు అసలే గుర్తు లేదు. ఎప్పుడో నా చెయ్యి పెట్టేసింది. మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు. అన్నేళ్ళు ఆ గ్లాసుని చూస్తూనే పెరిగింది. మొదటిసారి అడిగింది, నయమే. ఏమీ మాట్లాడకుండా తీసి మిగతావాటితో పాటు స్టాండ్‌లో పెట్టేశాను.

తెల్లారి టీ పోస్తుంటే నా చెయ్యి కిటికీ వైపే వెళ్ళింది. వెనక్కి తీసుకుని, మేం తాగే పూల కప్పులో పోసి మా అమ్మాయి చేతికిచ్చాను. అది తీసుకెళ్ళి ఇచ్చింది. ఆవిడ కప్పు చూసి, కిటికీ వైపు చూసి, "నా గిలాస ఏడవోయిందమ్మా?" అంది. పోలేదక్కా, ఇందులో తాగు అన్నాను. సింకు పక్కనే నిలబడి తాగింది. కప్పు కడిగింది. కడిగి, తుడిచి, తీసుకెళ్ళి కిటికీ పక్కన పెట్టింది.